బెయిలు వచ్చినా జైల్లోనే: విచారణ ఖైదీల గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

జైళ్ల గురించి అందిన ఉత్తరాల్లో ఈసారి విచారణ ఖైదీలకు సంబంధించినవే ఎంచుకున్నాం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 డిసెంబరు 31న దేశంలోని 1,330 జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నూటికి 75 మందికి పైగా తీర్పు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. వీళ్లకు చట్టంలో రక్షణలు బాగానే ఉన్నాయి. రోజులు లెక్కపెట్టి, సరైన కాగితం పట్టుకుని, సరైన చోట అడిగేవాళ్లే తక్కువ. అందుకే జవాబుల్లో తేదీలు, సెక్షన్లు కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మా తమ్ముడు హైదరాబాద్‌లో కూలిపనికి వెళ్లి దొంగతనం కేసులో అరెస్టయ్యాడు. బెయిలు ఇచ్చి ఐదు వారాలైంది. ఒక్కొక్కరు 25,000 రూపాయలకు పూచీ ఉండేలా ఇద్దరు స్థానిక జామీనుదారులు కావాలన్నారు. మాది శ్రీకాకుళం జిల్లా, అక్కడ మాకు తెలిసినవాళ్లు లేరు. కోర్టు బయట ఒకాయన డబ్బిస్తే జామీనుదారులను తానే తెస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?
— ఒక అక్క, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇవ్వకండమ్మా. అలా అద్దెకు వచ్చేవాళ్లు ఒకే ఇంటి పన్ను రసీదును, ఒకే పాసుపుస్తకాన్ని పది కేసుల్లో చూపిస్తుంటారు. తాను ఇప్పటికి ఎంతమందికి జామీను ఉన్నదీ ప్రతి జామీనుదారూ కోర్టుకు రాసివ్వాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 486 చెబుతోంది. ఆ రాత అబద్ధమని, కాగితం దొంగదని తేలితే మీ తమ్ముడి బెయిలు పోతుంది. పైగా కొత్త కేసు మెడకు చుట్టుకుంటుంది.

ముందు బెయిలు ఉత్తర్వు ప్రతి సంపాదించండి. కేసుకు 16 అక్షరాలు, అంకెల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. దాన్ని ఈ-కోర్ట్స్ యాప్‌లో కొడితే కేసు వివరాలు, ఎక్కించిన ఉత్తర్వులు కనిపిస్తాయి. ఉత్తర్వులో చూడాల్సినవి రెండు. "స్థానిక" అన్న మాట నిజంగా రాసి ఉందా, లేక కోర్టు ఆఫీసులో ఎవరో నోటిమాటగా అన్నారా? జామీనుదారులకు బదులు నగదు జమ చేసుకునే వీలు ఇచ్చారా?

"స్థానిక" అని రాసి ఉంటే అదే కోర్టులో షరతు సడలించమని పిటిషన్ వేయాలి. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలు మీకు పెద్ద ఆసరా. విడుదల ఆలస్యం కావడానికి స్థానిక జామీను పట్టింపు ఒక కారణమని, అలాంటి కేసుల్లో కోర్టులు ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చని అందులో ఉంది. బెయిలు వచ్చిన 7 రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు మార్చాలా అన్నది కోర్టు తనంతట తానే చూడవచ్చు. మీకు ఐదు వారాలు దాటాయి. కాబట్టి పిటిషన్‌లో బెయిలు ఇచ్చిన తేదీ, ఈ రోజుకు ఎన్ని రోజులైందో, మీ తమ్ముడి రోజు కూలీ ఎంతో, కుటుంబం ఎక్కడుంటుందో స్పష్టంగా రాయించండి. "మేము పేదవాళ్లం" అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే న్యాయమూర్తికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. తెల్ల రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు నకళ్లు జతచేయండి.

అక్కడ పని కాకపోతే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 484 ఉంది. పూచీకత్తు మొత్తం అతిగా ఉండకూడదని చెప్పేదీ, దాన్ని తగ్గించే అధికారం సెషన్స్ కోర్టుకు, హైకోర్టుకు ఇచ్చేదీ అదే. వేరే జిల్లాలో ఆస్తి ఉందని జామీనుదారుణ్ని తోసిపుచ్చడం గురించి సుప్రీంకోర్టు 1978లోనే, మోతీరామ్ కేసులో, గట్టిగా తప్పుపట్టింది. ఆ కేసులో ఉన్నది కూడా ఒక పేద తాపీ పనివాడే. కాబట్టి మీ ఊరి బంధువులనే జామీనుదారులుగా తీసుకెళ్లే ప్రయత్నం మానకండి. వాళ్ల ఆధార్, భూమి పాసుపుస్తకం లేదా ఇంటి పన్ను రసీదు, ఆస్తి విలువపై స్థానిక అధికారి ఇచ్చిన పత్రం కావాలి. ఎక్కువగా తిప్పి పంపేది ఆస్తి చాలక కాదు, పేరు కలవక. పాసుపుస్తకంలో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉంటుంది. బయలుదేరే ముందే చూసుకోండి, లేకపోతే రానూపోనూ ఛార్జీలు దండగ.

డబ్బే అడ్డమైతే పేద ఖైదీల కోసం కేంద్ర హోంశాఖ 2023లో తెచ్చిన ఆర్థిక సహాయ పథకం ఉంది. ఆ ఏడాది మార్గదర్శకాల ప్రకారం విచారణ ఖైదీకి ఒక కేసులో 40,000 రూపాయల వరకు, జరిమానా కట్టలేక ఉండిపోయిన శిక్షా ఖైదీకి 25,000 రూపాయల వరకు జిల్లా కమిటీ మంజూరు చేయవచ్చు. కలెక్టర్, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, ఎస్పీ, జైలు అధికారి, జిల్లా జడ్జి తరఫున ఒక న్యాయమూర్తి అందులో సభ్యులు. డబ్బు మీ చేతికివ్వరు, కోర్టుకు జమచేస్తారు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు: బెయిలు ఉత్తర్వు ఇద్దరు మనుషుల జామీను అడుగుతుంటే కమిటీ డబ్బు ఎక్కడ కడుతుంది? అందుకే బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 490 కింద జామీనుదారులకు బదులు నగదు జమకు అనుమతించమని ముందు కోర్టును అడగాలి. ఆ మార్పు వచ్చాకే పథకం పనికొస్తుంది. మత్తుమందుల చట్టం, యూఏపీఏ (ఉగ్రవాద నిరోధక చట్టం), మనీలాండరింగ్ వంటి కేసులకు ఇది వర్తించదు.

ఇవన్నీ మీరొక్కరే చేయనక్కర్లేదు. జైల్లో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయవాది హక్కుగా వస్తారు. 1987 నాటి న్యాయసేవల చట్టం సెక్షన్ 12లో ఆ మాట ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసి ఖైదీ పేరు, జైలు, బెయిలు తేదీ చెప్పండి. జామీను అంగీకరించిన రోజు కూడా ఒక జాగ్రత్త: ఇంకో కేసులో పీటీ వారెంట్ (జైల్లో ఉన్న మనిషిని ఆ కేసు కోర్టు ముందు హాజరుపరచమనే ఉత్తర్వు) పెండింగ్‌లో ఉందేమో జైల్లో ముందే అడగండి. ఉంటే ఈ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా గేటు తెరవరు.

ప్రశ్న: ఒక మనిషి మీద వేర్వేరు స్టేషన్లలో పది పన్నెండు కేసులు ఉంటే ప్రతి కేసుకూ వేరే జామీనుదారులను తేవాల్సిందేనా?
— పారాలీగల్ వాలంటీర్, వరంగల్

జవాబు: తేవాల్సిందేనని కోర్టులు పట్టుబడితే బెయిలు ఉండీ లేనట్టే. గిరీష్ గాంధీ కేసులో 2024 ఆగస్టు 22న సుప్రీంకోర్టు సరిగ్గా ఈ పరిస్థితినే చూసింది. 13 కేసుల్లో బెయిలు వచ్చినా అన్నింటికీ జామీనుదారులు దొరక్క అతను లోపలే ఉండిపోయాడు. ఒకే జామీనుదారులు ఒక రాష్ట్రంలోని కేసులన్నిటికీ సరిపోతారని కోర్టు ఆదేశించింది. మీ పిటిషన్‌లో కేసుల పట్టిక వేయండి: నేరం నంబరు, కోర్టు, బెయిలు తేదీ, అడిగిన జామీను. మొత్తం కలిపి ఎంతమంది కావాల్సి వస్తుందో కింద రాయండి. పట్టిక చూడగానే సమస్య దానంతటదే అర్థమవుతుంది.

ప్రశ్న: 60 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కు అంటారు. మా వాడి కేసులో 63వ రోజు వేశారు. మేము 65వ రోజు అడిగాం, కొట్టేశారు. న్యాయమేనా?
— ఒక తండ్రి, కడప

జవాబు: బాధ కలిగించే మాటే అయినా, చట్టం అలాగే ఉంది. ఛార్జిషీటు పడకముందు అడిగితేనే ఆ హక్కు నిలుస్తుంది. 61 లేదా 62వ రోజున పిటిషన్ వేసి ఉంటే 63న వచ్చిన ఛార్జిషీటు దాన్ని చెరపలేకపోయేది. మరణశిక్ష, యావజ్జీవం, లేదా పదేళ్లు అంతకుమించి శిక్ష పడే నేరాలకు గడువు 90 రోజులు, మిగతావాటికి 60. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 187 చూడండి. లెక్కలో మొదటి రిమాండ్ రోజును కలపాలని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఉదాహరణకు మార్చి 1న రిమాండ్ అయితే ఏప్రిల్ 29తో 60 రోజులు నిండుతాయి. ఏప్రిల్ 30 ఉదయం కోర్టు తెరిచే వేళకు పిటిషన్ చేతిలో ఉండాలి. అరెస్టయిన రోజునే క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ గీత గీసుకోమని ప్రతి కుటుంబానికీ చెప్పండి. మీ అబ్బాయికి మామూలు బెయిలు అడిగే దారి మాత్రం మూసుకుపోలేదు.

ప్రశ్న: మా కాలేజీ న్యాయసహాయ కేంద్రం తరఫున జైలుకు వెళ్తున్నాం. సెక్షన్ 479 కింద విడుదలకు అర్హులెవరో లెక్కించడం ఎలా? జైలు జాబితాకూ మా జాబితాకూ పొంతన కుదరడం లేదు.
— ఎల్‌ఎల్‌బీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: చాలా మంచి పని చేస్తున్నారు. పొంతన కుదరకపోవడం మామూలే. తేడా ఎక్కడ వస్తోందో పట్టుకుంటే అదే మీ అధ్యయనం.

బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 479 అంటే పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) సెక్షన్ 436ఎ కొత్త రూపం. ఆ నేరానికి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగా గడిపితే బెయిలుపై విడుదల చేయాలన్నది పాత సూత్రం. మొదటిసారి నేరారోపణ ఎదుర్కొంటున్న వారికి మూడో వంతు చాలన్నది కొత్తగా చేరింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు నమోదైన కేసులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఆ ఏడాది ఆగస్టు 23న స్పష్టం చేసింది. కాబట్టి "ఇది పాత కేసు" అని పక్కన పెట్టిన పేర్లను మళ్లీ జాబితాలోకి తెండి.

లెక్క ఇలా వేయండి. ఇంట్లో దొంగతనం, పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 380, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 305: గరిష్ఠం 7 ఏళ్లు, అంటే 84 నెలలు. మూడో వంతు 28 నెలలు, సగం 42 నెలలు. 2024 జనవరి 10న రిమాండ్ అయినవాడికి 2026 మే 9తో 28 నెలలు నిండుతాయి. మధ్యలో 20 రోజులు మధ్యంతర బెయిలుపై బయట ఉంటే ఆ రోజులు కలపాలి, తేదీ మే 29 అవుతుంది. మామూలు దొంగతనమైతే, బీఎన్‌ఎస్ 303(2), గరిష్ఠం 3 ఏళ్లు: 12 నెలలు, 18 నెలలు.

ఇక తేడాలు వచ్చే చోట్లు. అన్నిటికన్నా పెద్దది "మొదటిసారి" అన్న మాట. చట్టం ఇచ్చిన అర్థం, గతంలో ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు అని. మీద ఎఫ్ఐఆర్‌లు ఉన్నాయా లేవా అన్నది ఈ ప్రశ్నకు సంబంధం లేదు. కానీ రికార్డులో "పాత నేరస్తుడు" అని కనిపించగానే అతణ్ని సగం కాలం వరసలో వేసేస్తారు. ప్రతి పేరు పక్కన "గతంలో శిక్ష పడిందా, ఏ కోర్టు, ఏ తేదీ" అని అడగండి. తేదీ చూపించలేకపోతే అతను మొదటివాడే.

రెండోది సెక్షన్ల లెక్క. ఛార్జిషీటులో ఒక్క సెక్షన్‌కైనా మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ ఉంటే 479 వర్తించదు. దోపిడీకి (బీఎన్‌ఎస్ 309) మామూలుగా గరిష్ఠం పదేళ్లు, కాబట్టి లెక్కలోకి వస్తుంది. ఐదుగురు కలిసి చేశారంటూ బందిపోటు సెక్షన్ (310) పెడితే యావజ్జీవం కాబట్టి రాదు. అందుకే ఎఫ్ఐఆర్‌లోని సెక్షన్లు కాదు, ఛార్జిషీటులో చివరికి మిగిలినవి, కోర్టు అభియోగాలు నమోదు చేసి ఉంటే అవి చూడాలి. జైలు రికార్డులో ఎఫ్ఐఆర్ నాటి సెక్షన్లే ఉండిపోవడం తరచూ జరుగుతుంది. పొంతన కుదరని పేర్లు ఇక్కడ కొన్ని దొరుకుతాయి.

మూడోది ఉపసెక్షన్ 2. ఒకటికి మించిన నేరాల్లో లేదా కేసుల్లో దర్యాప్తు, విచారణ పెండింగ్‌లో ఉంటే ఈ సెక్షన్ కింద బెయిలు ఇవ్వకూడదని అందులో ఉంది. మా అభిప్రాయంలో 479లో అత్యంత బలహీనమైన చోటు ఇదే. అక్షరాలా చదివితే ఒకే ఘటనలో మూడు సెక్షన్లు పెట్టినా అతనికి ఈ మేలు దక్కనట్టే. ఏ ఛార్జిషీటులో ఒకే సెక్షన్ ఉంటుంది చెప్పండి? పేదవాడిని ఒకసారి పట్టుకున్నాక తేలని పాత దొంగతనాలన్నీ అతని ఖాతాలో వేసే అలవాటున్న చోట ఈ ఉపసెక్షన్ మూడో వంతు మేలును మింగేస్తుంది. దీన్ని మార్చమని అడగాలంటే లెక్క కావాలి. మీ పట్టికలో "మిగతా అన్ని విధాలా అర్హుడు, ఉపసెక్షన్ 2 వల్ల మాత్రమే ఆగినవాడు" అని ఒక ప్రత్యేక గడి పెట్టండి. మీ జిల్లాలో ఆ సంఖ్య ఎంతో బయటపెడితే చట్టం మార్చాలన్న వాదనకు బలం వస్తుంది.

నిందితుడి వల్లే జరిగిన ఆలస్యాన్ని రోజుల లెక్కలోంచి తీసేస్తారు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ వాదన విన్నాక, కారణాలు రాసి, సగానికి మించి ఉంచే అధికారం కోర్టుకు ఉంది. గరిష్ఠ శిక్షకు మించి మాత్రం ఏ కారణంతోనూ ఉంచకూడదు.

చాలామంది గమనించనిది ఇంకొకటి. మూడో వంతు పూర్తిచేసిన వారిని "బాండుపై" విడుదల చేయాలని సెక్షన్ అంటోంది. బాండు అంటే జామీనుదారు లేని సొంత పూచీకత్తు అని అదే చట్టం సెక్షన్ 2లో నిర్వచించారు. జామీనుదారులతో ఇచ్చేదాన్ని బెయిలు బాండు అని వేరుగా చెప్పారు. మూడో వంతు నిండినవాడిని మళ్లీ ఇద్దరు జామీనుదారులను తెమ్మంటే ఈ రెండు నిర్వచనాలూ కోర్టు ముందు పెట్టమని న్యాయవాదికి చెప్పండి.

దరఖాస్తు ఎవరు వేయాలి? సగం గానీ మూడో వంతు గానీ నిండగానే జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాతపూర్వకంగా పంపాలి. అది ఉపసెక్షన్ 3 మోపిన బాధ్యత. ఖైదీ అడిగేదాకా ఆగనక్కర్లేదు. మీరు చేయగలిగింది, నెల ముందే "ఫలానా తేదీకి ఫలానా వారికి గడువు నిండుతుంది" అన్న జాబితాను సూపరింటెండెంట్‌కు, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవడం. జిల్లా జడ్జి అధ్యక్షతన విచారణ ఖైదీల సమీక్షా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి. జాబితా దానికి పది రోజుల ముందు చేరితే ఎజెండాలోకి ఎక్కుతుంది.

ప్రశ్న: వాయిదాకు మనిషిని తీసుకురావడం లేదు. తెర మీద చూపించి మళ్లీ తేదీ వేస్తున్నారు. ఇది సరైనదేనా?
— నెల్లూరు పాఠకుడు

జవాబు: జ్యుడీషియల్ రిమాండ్ పొడిగింపుకు వీడియో ద్వారా హాజరుపరచడం చట్టబద్ధమే. పోలీసు కస్టడీకి ఇవ్వాలంటే మాత్రం మనిషి మేజిస్ట్రేట్ ముందు స్వయంగా నిలబడాలి. ఒంటిమీద దెబ్బలున్నాయా అన్నది తెర మీద కనబడదు, ఆ నిబంధన ఉన్నది అందుకే. సాక్షుల విచారణ రోజు ఎస్కార్ట్ పోలీసులు దొరక్క తీసుకురాకపోతే, ఆ వాయిదాకు కారణం ఏమని రాశారో ఆ రోజు ఉత్తర్వులో చూడండి. "నిందితుడు గైర్హాజరు" అని ఉంటే "జైలు నుంచి హాజరుపరచలేదు" అని సరిచేయించమని న్యాయవాదిని కోరండి. రెండు మాటలకూ చాలా దూరం ఉంది. రేపు 479 లెక్కలో ఆలస్యం ఎవరి ఖాతాలో పడాలన్నది ఆ ఒక్క పదం తేలుస్తుంది.

ప్రశ్న: తల్లితో పాటు జైల్లో ఉంటున్న నాలుగేళ్ల పాపకు ఏ హక్కులుంటాయి?
— అంగన్‌వాడీ కార్యకర్త, రాజమహేంద్రవరం

జవాబు: ఈ విషయంలో ప్రామాణికమైన తీర్పు ఆంధ్రప్రదేశ్ ప్రతివాదిగా ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులోనే, 2006 ఏప్రిల్‌లో వచ్చింది. ఆరేళ్లు నిండేవరకు పిల్లలు తల్లి దగ్గర ఉండవచ్చు. ఆ తర్వాత తల్లి కోరినవారికి అప్పగించాలి, లేదా తగిన సంస్థలో చేర్చి తల్లిని కలిపిస్తూ ఉండాలి. పాప ఖైదీ కాదు. ఆమెకు వయసుకు తగిన తిండి, బట్టలు, వైద్యం, ఆటలు విడిగా ఇవ్వాలి, తల్లి వాటాలోంచి పంచడం కుదరదు. శిశు సంరక్షణ గది, బాలవాడి ఉండాలి. గర్భిణుల ప్రసవం వీలైనంతవరకు జైలు బయట ఆసుపత్రిలో జరగాలి. లోపలే జరిగితే జనన పత్రంలో పుట్టిన స్థలంగా జైలు పేరు రాయకూడదు. మీరు వెళ్లినప్పుడు టీకాల కార్డు, బరువు నమోదు ఉన్నాయో లేవో చూడండి. మీ కేంద్రంలో మీరు రోజూ చేసే పనే అది. దాన్ని జైలు రికార్డుతో కలపడానికి మీకన్నా తగినవారు లేరు.

ప్రశ్న: మా జిల్లా జైళ్లపై చిన్న అధ్యయనం చేసి నివేదిక తేవాలనుకుంటున్నాం. సమాచార హక్కు దరఖాస్తు పెడితే "వ్యక్తిగత సమాచారం" అని తిప్పికొట్టారు. ఎలా అడగాలి?
— యువజన బృందం, అనంతపురం

జవాబు: పేర్లు అడిగి ఉంటారు. పేర్లు అక్కర్లేదు. ఒక తేదీని ఎంచుకుని, ఆ రోజు జైల్లో ఉన్న విచారణ ఖైదీల వివరాలు పేరు తీసేసి, వరుస నంబరుతో ఇవ్వమనండి: సెక్షన్లు, మొదటి రిమాండ్ తేదీ, తర్వాతి వాయిదా తేదీ, బెయిలు వచ్చి ఉంటే ఆ తేదీ, న్యాయవాది సొంతమా, ప్రభుత్వం పెట్టినవారా, ఎవరూ లేరా. ఇవి జైళ్లలో వాడే ఈ-ప్రిజన్స్ సాఫ్ట్‌వేర్‌లో నమోదయ్యే సంగతులే. "ఎందుకు ఆలస్యమవుతోంది" వంటి ప్రశ్నలు వేయకండి. రికార్డులో ఉన్నది ఇవ్వడమే సమాచార అధికారి పని, కారణాలు ఊహించి చెప్పడం కాదు. అలాంటి ఒక్క ప్రశ్న సాకుగా చూపి మొత్తం దరఖాస్తును తిప్పి పంపే వీలుంది.

అలాగే న్యాయసేవాధికార సంస్థను గత ఎనిమిది త్రైమాసికాల సమీక్షా కమిటీ సమావేశాల గురించి అడగండి. ఎన్ని పేర్లు పరిశీలించారు, ఎంతమందికి సిఫార్సు చేశారు, ఎంతమంది విడుదలయ్యారు. చివరి రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీయే నివేదికకు గుండెకాయ. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి లేదు. జవాబుకు 30 రోజులు, రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలన్న నిబంధన ఒక మనిషి విడుదల ఆగిపోయినప్పుడు కుటుంబం వాడుకోవాల్సింది. అధ్యయనానికి దాన్ని వాడితే విలువ పోతుంది. కేసు ఫైలులోని కాగితాలను మాత్రం సమాచార హక్కు కింద కాకుండా, కోర్టు నియమాల ప్రకారం నకలు దరఖాస్తుతో తీసుకోవాలి. 2020లో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది.

ఆలస్యానికి కారణాలు తెలియాలంటే ఈ-కోర్ట్స్‌లోని రోజువారీ ఉత్తర్వులు చదవాలి. 50 కేసులు తీసుకుని ప్రతి వాయిదాకు ఒక కారణం గుర్తు వేయండి: ఖైదీని తేలేదు, సాక్షి రాలేదు, న్యాయమూర్తి సెలవు లేదా ఖాళీ, ప్రాసిక్యూషన్ గడువు కోరింది, నిందితుడి తరఫున గడువు కోరారు, నకళ్లు అందలేదు. మొదటి 20 ఉత్తర్వులను ఇద్దరు విడివిడిగా చదివి పోల్చుకోండి. నాలుగైదు చోట్ల మించి తేడా వస్తే మీ వర్గాల నిర్వచనం సరిగా లేదన్నమాట. సరిచేసుకున్నాకే ముందుకు వెళ్లండి.

అంకెలు చదివేటప్పుడు ఒక పొరపాటు చాలా నివేదికల్లో కనిపిస్తుంది. డిసెంబరు 31 లెక్క ఆ ఒక్క రోజు ఫొటో. ఒక సబ్‌జైలుకు ఏడాదిలో 300 మంది వచ్చి పదేసి రోజులుండి వెళ్లారనుకుందాం. మరో 20 మంది ఏడాదంతా ఉన్నారు. ఏ రోజు లెక్కపెట్టినా సుమారు 28 మందే కనిపిస్తారు. వాళ్లలో ఎక్కువమంది ఏడాదిగా ఉన్నవాళ్లే. ఆ పది రోజుల్లో పని పోగొట్టుకున్న 300 మంది ఫొటోలో దాదాపు లేనట్టే. అందుకని ఏడాదిలో ఎంతమంది లోపలికి వచ్చారు, ఎన్ని రోజులున్నారు అన్నది వేరుగా అడగండి. దేశంలో జైళ్ల సగటు నిండుదల (సామర్థ్యంతో పోలిస్తే ఉన్న ఖైదీలు) 2022లో 131.4 శాతమన్నా అంతే. సగటులో ఖాళీ జైలూ ఉంటుంది, చోటులేక వంతులేసుకుని పడుకునే బ్యారక్కూ ఉంటుంది. మీ జిల్లాలో ఒక్కో జైలుకు, స్త్రీల బ్యారక్‌కు విడిగా సామర్థ్యం కనుక్కోండి.

విడుదలైనవారితో మాట్లాడేటప్పుడు నేరం గురించి అడగొద్దు. కేసు ఇంకా నడుస్తుంటే మీ నోటుపుస్తకంలోని ఒక వాక్యం అతనికే ఎదురుతిరగవచ్చు. తేదీలు, తిండి, న్యాయవాది ఎన్నిసార్లు కలిశారు, ఇంటి ఖర్చు, ఇవి చాలు.

ప్రశ్న: సంస్కరణలు కోరుతూ ఢిల్లీకి ఉత్తరాలు రాశాం, జవాబు లేదు. ఎవరికి రాయాలి, ఏం రాయాలి?
— పౌరహక్కుల కార్యకర్త, ఖమ్మం

జవాబు: రాజ్యాంగం ఏడో షెడ్యూలులో జైళ్లు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కేంద్రం 2016లో నమూనా మాన్యువల్, 2023లో నమూనా చట్టం పంపినా అవి నమూనాలే. రాష్ట్రం తీసుకుంటేనే అమలవుతాయి. కాబట్టి రాష్ట్ర హోంశాఖకు, జైళ్ల శాఖ డైరెక్టర్ జనరల్‌కు, మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు రాయండి. "జైళ్లను సంస్కరించాలి" అని రాస్తే ఫైలు కదలదు. ఒక నియమం, ఒక జైలు, ఒక తేదీ పట్టుకోండి.

ఒక ఉదాహరణ. సుకన్య శాంత కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పని పంచడం రాజ్యాంగ విరుద్ధమంది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తొలగించాలంది. మూడు నెలల్లో మాన్యువళ్లు, నియమాలు సవరించమని రాష్ట్రాలను ఆదేశించింది. విముక్త జాతులను (బ్రిటిష్ కాలపు నేరజాతుల చట్టం ముద్ర నుంచి బయటపడ్డ జాతులను) పుట్టుకతో నేరస్తులుగా చూసే రాతలకు కూడా చోటు లేదంది. ఈ మాట తెలుగు నేలకు బాగా తగులుతుంది. నేరజాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను నివాసాల్లో కట్టిపడేసిన చరిత్ర స్టూవర్టుపురానిది. ఆ చట్టం 1952లో పోయినా, ఆ జాతుల మనిషి ఊరు పేరు వినగానే అనుమానించే అలవాటు పోలేదు.

దీన్ని పరీక్షించడం తేలిక. మీ జైల్లో ఖైదీ ప్రవేశ రిజిస్టర్ ఖాళీ నమూనా, పని కేటాయింపు రిజిస్టర్ ఖాళీ నమూనా, సాఫ్ట్‌వేర్‌లోని ప్రవేశ ఫారం ముద్రిత ప్రతి, ఈ మూడింటినీ సమాచార హక్కు కింద కోరండి. ఖాళీ ఫారంలో ఎవరి వ్యక్తిగత సమాచారమూ ఉండదు, నిరాకరించే దారి లేదు. పుస్తకంలో తీసేసి సాఫ్ట్‌వేర్‌లో ఉంచేశారేమో కూడా చూడండి. ఏ ఒక్కదానిలో కులం గడి మిగిలి ఉన్నా ఆ ప్రతిని తీర్పు తేదీతో కలిపి న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి, జైలు సందర్శకుల మండలికి పంపండి. కుల వివక్ష కొనసాగుతోందా అని వీరిద్దరూ కలిసి క్రమం తప్పకుండా తనిఖీ చేయాలని ఆ తీర్పులోనే ఉంది. ఉత్తరంలో ఒకే ఒక్క ప్రశ్న వేయండి: తదుపరి తనిఖీ ఏ తేదీన?